వేలు మందం ఎత్తు

అన్నీ ఉండి ఒక్కటి తక్కువైతే, ఆ ఒక్కటే జీవితమనిపించే వయసొకటి ఉంటుంది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పరుగులో ఉరవకొండలో నన్ను పట్టేవాడు లేడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మాత్రం వేలు మందం ఎత్తు తక్కువ. (మా నాయన వేలు. నా వేలు ఇంకా సన్నం.) ఆ మాటే నాయనతో మొరపెట్టుకుంటే, "చెనిక్కాయ పంట ఒక్క తడి తక్కువైనా పోతాది. తక్కువంటే తక్కువే" అని బీడీ వెలిగించుకున్నాడు.

జిమ్ నడిపే అన్న మాత్రం ఆశ వదల్లేదు. చిన్న సీసా తెచ్చి, పెప్టైడ్ అన్నాడు. "ఇది హార్మోను కాదప్పా. తలకాయలో గ్రంథి ఉండాది చూడు, దాని కాడికి పోయి హార్మోను వదులు అని చెప్తాది. అది వదుల్తాది, నువ్వు పెరుగుతావు." ఇంత మర్యాదగా పని చేయించే మందు నేనెన్నడూ వినలేదు. చల్లగా ఉంచాలన్నాడు గనక సోడాల అంగడి ఫ్రిజ్జులో దాచి, రోజూ పొట్టకు సూది వేసుకున్నాను.

ఎత్తు సంగతేమో గానీ ఆకలి వచ్చింది. ఇంటిల్లిపాదికీ వండిన సంగటి నాకే చాలేది కాదు. అమ్మ దిష్టి తీసింది, దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నాయన ఖాళీ కుండలోకి చూసి, నాకు ఉద్యోగం రాకపోతే మిగతావాళ్లు పస్తులేనన్నాడు.

పరీక్ష ముందర నాయన నన్ను గడప దగ్గర ద్వారబంధానికి ఆనించి, తలమీద పళ్లెం పెట్టి బొగ్గుతో గీశాడు. సూది మొదలుపెట్టిన రోజు గీసిన పాత గీతకు సరిగ్గా వేలు మందం పైకి! ఆయన పోయి కోడిని తెచ్చాడు.

మైదానంలో పాత కొలతే చదివారు. బతిమాలితే మళ్లీ కొలిచి మళ్లీ అదే చదివారు. ఆసుపత్రికి పోతే, గ్రంథి మాట వినే ఉంటుందని, ఎముకల కొసలు ఎప్పుడో మూసుకుపోయాయి గనక ఇక ఎత్తు పెరగనని, ఆకలి ఆ మందు వల్లేనని చెప్పి, దాన్ని ముట్టొద్దని డాక్టరమ్మ తిట్టింది. మరి గీత ఎలా లేచిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

"ఎలకబొక్క పూడ్చి ఆడ మన్ను మెత్తినాను కదప్పా" అంది అమ్మ. "నేలే లేచినట్టుండాది."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఇంకో ముద్ద వేసింది. ఏడుస్తూనే తిన్నాను.

ఇప్పుడు బస్టాండు దగ్గర నాది సంగటి హోటలు. కానిస్టేబుళ్లు నా దగ్గరే తింటారు. ఇంట్లో ఆ మన్ను అరిగి నేల మళ్లీ దిగింది, గీత మాత్రం నా తలకు వేలు మందం పైన ఉండిపోయింది. ఎవరూ చూడనప్పుడు దాని కింద నిలబడి, ఇప్పటికీ మడమలు కొంచెం ఎత్తుతాను.