రాక్షసబల్లి కవచం, బామ్మర్ది కళ్లు

ఆ రోజుల్లో అసూయపడటానికి కూడా తీరిక ఉండేది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంతో జగిత్యాలలో మా కాలేజీ మూతపడింది. (నేనే మూయించానని మనవలకు చెబుతుంటాను గాని, ఊరేగింపులో నాది చివరి వరుస, పోలీసు కనిపిస్తే అదీ ఉండేది కాదు.) కోరుట్లలో ఇంటిపట్టున ఊరికే కూర్చోలేక, సిరిసిల్ల మేనమామ కొడుకుతో, అంటే మా బామ్మర్దితో కలిసి గోదావరి అవతల ఎర్రమట్టి గుట్టల్లో పనికి కుదిరాను. అక్కడ హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రాక్షసబల్లుల ఎముకల కోసం తవ్విస్తున్నాడు. మేమాయన్ని రాళ్లసారు అనేవాళ్లం.

నేను బీఎస్సీ చదువుతున్నవాణ్ని. బామ్మర్ది ఏడో తరగతి తప్పి మగ్గమెక్కినవాడు. అయినా వేల పోగుల్లో తెగిన పోగును పట్టే ఆ కళ్లకు మట్టిలో ఎముక ఇట్టే చిక్కేది. నాకు మేకపెంటికలు చిక్కేవి. "నీ బామ్మర్దివి కండ్లు కావయ్యా, దుర్భిన్లు!" అని సారు వచ్చి వచ్చి నాతోనే అనేవాడు. పైగా, పని ముగిశాక ఇద్దరిలో ఒకణ్ని హైదరాబాదు తీసుకుపోయి కొలువులో పెడతానన్నాడు. ఆ ఒకడు నేనే కావాలి.

ఒక మధ్యాహ్నం వాడికి కవచమున్న రాక్షసబల్లి వీపు మీది బిళ్ల ఒకటి దొరికింది. జొన్నరొట్టెంత ఉంటుంది (సరే, బొటనవేలి గోరంత). "బావా, జర గిది చూస్తుండు, నీళ్లు తాగొస్త" అని వాడటు వెళ్లాడో లేదో, నేను దాన్ని పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తాను. "నాకే దొరికింది సారూ!" సారు దాన్ని భూతద్దంలో చూశాడు. "గీ ఖండం మొత్తంల గిసోంటియి వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు. ఏడ పడి ఉన్నదో తెల్వకుంటే మాత్రం ఉట్టి రాయే. జాగ చూపియ్యి." అసలు చోటు చూపిస్తే దొరికిపోతాను కదా, ఇంకో గుట్ట చూపించాను. పటంలో అక్కడ గుర్తు పెట్టి పక్కన నా పేరు రాశాడు. దీని తోడువి అక్కడే ఉంటాయి, తవ్వమన్నాడు.

బామ్మర్ది వచ్చి బిళ్లను చూశాడు, నన్ను చూశాడు. "జాగ బావకే ఎరుక సారూ, బావతోనే తవ్విపియ్యిండ్రి" అని గడ్డపార నా చేతిలో పెట్టాడు.

నాలుగు రోజులు తవ్వాను. అరచేతుల నిండా పొక్కులు. వాడు గట్టు మీద కూర్చుని, "ఇంక లోతుకు బావా! గంత పెద్ద జీవి పైపైన పండుకుంటదా?" నాలుగో రోజు నేను నడుము లోతు గుంతలో ఉండగా సారు వచ్చి, కూలీలందరినీ ఇక్కడికే మారుస్తానన్నాడు. గడ్డపార పారేశాను. "నాది కాదు సారూ, వాంది. జాగ గూడ గిది కాదు."

సారు పటం విప్పాడు. రబ్బరుతో నా పేరు తుడిచి, అసలు చోట వాడి పేరు రాశాడు. బామ్మర్ది చెయ్యందించి పైకి లాగుతూ, "ఇంక రెండ్రోజులు తవ్వితే నీళ్లు వడుతుండె గద బావా!" అన్నాడు.

హైదరాబాదుకు వాడే వెళ్లాడు. వాడు కన్నుమూసి కూడా చాలా ఏళ్లయింది. ఇప్పటికీ రాక్షసబల్లుల మాట వస్తే, "మా బామ్మర్ది పట్టిండు" అని మొదలుపెడతాను. రెండో మాటకే "మేమిద్దరం పట్టినం" అవుతుంది. మూడో మాటకు నోరు తెరిచేలోపు, వంటింట్లోంచి మా ఆవిడ, అంటే వాడి అక్క, సన్నగా దగ్గుతుంది. అక్కడికి నవ్వేసి ఊరుకుంటాను.