ఎర్ర చుక్క దగ్గర తెర

మా బడి ల్యాబ్ అటెండరుని పిల్లలు చుక్కల మామయ్య అనేవారు. ఆ పేరు రావడానికి కారణం ఆయన భార్య గోళ్లరంగు. లోలకం దారానికి ఎక్కడ ముడి వేయాలో అక్కడొక ఎర్ర చుక్క, పరీక్షనాళికలో ఆమ్లం ఎంతవరకు పోయాలో అక్కడొక చుక్క, లెన్సు ప్రయోగం చేసే పొడుగాటి స్కేలు మీద రెండు చుక్కలు. "మా ఆవిడ సీసా దాచేస్తోంది మేడమ్, ఈ ఏడాది చుక్కలు కాస్త పొదుపుగా పెట్టాను" అనేవాడు నాతో.

పరీక్షల ముందు రెండు వారాలు పదో తరగతి పిల్లల చేత ప్రయోగాలన్నీ మళ్లీ చేయించాలి. నిజానికి ఆ పని సైన్సు టీచర్ని కాబట్టి నాది. కానీ నాకు పాఠాలు ఎప్పుడూ రెండు మిగిలిపోయేవి. అందుకని పిల్లల్ని ల్యాబులోకి తోలేసి నేను తరగతి గదిలో పాఠాల వెంట పరుగెత్తేదాన్ని. ఆయన పద్ధతి ఒక్క ఊపిరిలో అయిపోయేది.

"మొదటి చుక్క దగ్గర లెన్సు, రెండో చుక్క దగ్గర తెర. ఎంత?"

"ఇరవై!" అని పిల్లలు కోరస్.

లెన్సు నుంచి బొమ్మ స్పష్టంగా పడే చోటు ఎన్ని సెంటీమీటర్ల దూరమో, అంటే ఆ లెన్సు నాభ్యంతరం ఎంతో, కొలవడమే ఆ ప్రయోగం. కిటికీ అవతలి నీళ్ల ట్యాంకు తెర మీద తలకిందులుగా పడేది. పడేది గానీ చూసే నాథుడు లేడు. చుక్కలుండగా బొమ్మతో పనేమిటి? ఏళ్ల తరబడి మా పిల్లలందరికీ ప్రాక్టికల్స్‌లో నిండుగా మార్కులు. నాకూ మంచి పేరే.

ఒక ఏడాది ఆ రెండు వారాల్లో మొదటి రోజు పొద్దున్నే ఆయన లెన్సుని చొక్కా అంచుతో తుడుస్తుంటే జారి గచ్చు మీద పడి రెండు ముక్కలైందట. హెడ్మాస్టరు గారికి తెలిస్తే సంజాయిషీ రాయాలి. ఎందుకొచ్చిన గొడవని చెప్పాపెట్టకుండా ల్యాబు సామాన్ల దుకాణానికి పరుగెత్తాడు.

"నాభ్యంతరం ఎంతది కావాలి?" అని అడిగాడు కొట్టతను.

మావాడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, "ఇదిగో, ఇంతది" అన్నాడు. ఆ సున్నాలో సరిగ్గా పట్టేది దొరికింది. స్టాండులో కూడా బ్రహ్మాండంగా కూర్చుంది. ఇంకేం కావాలి?

ఆ ఏడాది పదో తరగతిలో బట్టలు కుట్టే ఆవిడ కూతురొకతె ఉండేది. చెప్పింది చెప్పినట్టు రాసుకునే పిల్ల కాదు.

"మామయ్యా, రెండో చుక్క దగ్గర ట్యాంకు మసగ్గా ఉంది."

"కళ్ళు తుడుచుకో తల్లీ."

"తుడుచుకున్నా. తెర ఇంకాస్త ఇటు జరిపితే బాగుంది."

"వెనకాల ముప్పై మంది నిలబడున్నారు, నువ్విక్కడ సినిమా చూస్తానంటే ఎలా? మీ అమ్మతో చెప్పి కళ్ళు చూపించుకో."

"సోడాబుడ్డీ!" అని వరసలోంచి ఎవరో అరిచారు, ఇంకా అద్దాలు రాకముందే. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

పరీక్ష రోజున వేరే బడి నుంచి ఒక సారు వచ్చారు. చీటీలు తీస్తే లెన్సు ప్రయోగం ఎనిమిది మందికి వచ్చింది. ఏడుగురు చుక్క చూసి ఇరవై వేశారు. ఎనిమిదోది ఆ పిల్ల. తెరని ముందుకీ వెనక్కీ జరిపి జరిపి పదిహేను వేసింది. జవాబుల కాగితం ఆయనకి ఇచ్చింది నేనే. అందులో ఇరవై అనే ఉంది.

"ఏడుగురికి ఇరవై వస్తే నీకొక్కదానికే పదిహేనేంటమ్మా? ఇది లెన్సా, లాటరీయా?"

"అక్కడే బాగా కనిపిస్తోంది సార్. ట్యాంకు నిచ్చెన మెట్లు కూడా లెక్కపెట్టొచ్చు."

సారు అటెండరు వైపు తిరిగారు. "ఏం బాబూ, ఇది ఎంత లెన్సు?"

కొట్టతను అడిగిన ప్రశ్నకి అర్థం తనకి సరిగ్గా అప్పుడు తెలిసిందని తర్వాత చెప్పాడాయన. నిజం చెప్తే లెన్సు పగిలిన సంగతి, దాంతో పాటు చుక్కల సంగతి, దాని వెనకాల నా సంగతీ బయటికొస్తాయి.

"ఇరవయ్యే సార్."

ఆ పిల్ల ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను సరిగ్గానే ఉన్న గాజు కుప్పెల్ని సర్దుతూ కూర్చున్నాను. ఆ పిల్ల పదిహేనుని ఒక గీతతో కొట్టేసి పక్కన ఇరవై వేసింది. పూర్తి మార్కులు పడ్డాయి.

పిల్లలు వెళ్లాక అటెండరు నా దగ్గరికొచ్చి అంతా కక్కేశాడు. ఇద్దరం బల్ల దగ్గరికి వెళ్లి తెర జరిపి చూశాం. పదిహేను దగ్గర ట్యాంకు కడిగిన ముత్యంలా ఉంది. మెట్లు పదకొండు.

"సారు ఇంకా ఆఫీసు గదిలో టీ తాగుతున్నారు మేడమ్. వెళ్లి చెప్పేద్దామా?"

"మార్కులు పడ్డాయి కదయ్యా, ఇప్పుడు నష్టం ఎవరికి?" అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఆయన కాదు.

నష్టం ఎవరికో వారం తిరక్కుండా తెలిసింది. ఆ పిల్లని వెంటబెట్టుకుని వాళ్లమ్మ ల్యాబులో ఉన్న మా ఇద్దరి దగ్గరికి వచ్చింది.

"మీరు చెప్పారని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానండీ. ఏ దోషమూ లేదంటున్నాడు. నాకు సూదిలో దారం ఎక్కించేది ఇదేనాయె! మరి ఆ రోజు దీనికొక్కదానికే తప్పెందుకు కనబడిందంటారు? పై చదువులో సైన్సు వద్దంటోంది. తన కళ్ళ మీద తనకే నమ్మకం లేదంటోంది."

నేను ఏదో గొణిగాను. ఆయన మాత్రం ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాడు. కుట్టుమిషను పక్కన నిలబడి, లెన్సు మార్చింది తనేననీ, పదిహేనే సరైనదనీ చెప్పాడు. వాళ్లమ్మ మిషను ఆపి తలెత్తి చూసిందట. అప్పుడు పిల్ల అడిగిందట.

"కొట్టేసిన పదిహేను కాగితం మీద అలాగే ఉంటుంది కదా మామయ్యా? పెద్దవాళ్లెవరైనా చూస్తే, ముందు నేను సరిగ్గానే వేశానని తెలుస్తుంది కదా?"

"తెలుస్తుందమ్మా. చూస్తారు."

ఆ కట్టల్ని ఎవరూ విప్పరనీ, ఏడాది తిరిగాక చింపి పారేస్తారనీ ఆయనకి తెలుసు. కట్టలు కట్టేది ఆయనే.

"అబద్ధం దించుకుందామని వెళ్లి ఇంకోటి నెత్తికెత్తుకొచ్చాను మేడమ్" అన్నాడు మర్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఆ పిల్ల సైన్సు తీసుకోలేదు.

నేనైనా వెళ్లి ఆ మిగతా నిజం, సారుకి చెప్పకుండా ఆపింది నేనేనని, చెప్పుండొచ్చు. వాళ్లిల్లు నాకు తెలియనిది కాదు, నా బట్టలన్నీ వాళ్లమ్మే కుట్టేది. ఇప్పుడు రెండు వీధుల అవతల ఇంకో దర్జీ దగ్గర కుట్టించుకుంటున్నాను. అతను భుజాల దగ్గర ఎప్పుడూ బిగించేస్తాడు.