అవే కొలతలు

వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. చేతిలో కత్తెర ఉంటుందని కొందరు, నోట్లోనే ఉంటుందని ఇంకొందరు. బట్ట ఆలస్యమైందని సణిగితే "అంత తొందరైతే మీరే కుట్టుకోండి" అని గుడ్డ చేతిలో పెట్టి పంపేస్తుంది. అయినా ఆడవాళ్లు ఆమె కొట్టు వదలరు. ఆమె కుట్టింది ఒంటికి అతికినట్టుంటుంది మరి.

అలాంటి మనిషికి ఒక నవలా రచయిత్రి ప్రాణస్నేహితురాలంటే చాలామంది నమ్మరు. బళ్లో ముగ్గురిదీ ఒకే బెంచీ: ఈమె, రచయిత్రి, తర్వాత టీచరైన ఇంకొకామె. పెళ్లయ్యాక రచయిత్రి దూరపు ఊరు వెళ్లిపోయింది. టీచరు మాత్రం ఇక్కడే, రెండు వీధుల అవతల ఉంటుంది.

రచయిత్రికి ఏటా ఒక గౌను కత్తెరక్కే కుట్టి పంపాలి. ఆవిడకి ఇంకెవరి కుట్టూ నచ్చదు. కొలతలివ్వడానికి వచ్చే తీరిక ఉండదు కాబట్టి ఉత్తరం చివర "అవే కొలతలు" అని రాసి పడేసేది. గౌను అందాక "సరిగ్గా సరిపోయింది" అని ఇంకో ఉత్తరం వచ్చేది. టేపు పెట్టకుండా కన్నకూతురి బట్ట కూడా కత్తిరించని కత్తెరక్క, ఆ ఒక్క మనిషికి మాత్రం మాట మీద కుట్టేది.

కిందటేడు రచయిత్రి పోయింది. నిద్రలోనే పోయిందని కబురు చెప్పారు. కత్తెరక్క నమ్మింది. తర్వాత రచయిత్రి కొడుకు వచ్చి, "పిన్నీ, అమ్మ ఉత్తరాలు పుస్తకం వేస్తున్నాను" అంటే, పెట్టె అడుగున దాచుకున్నవన్నీ తీసి ఇచ్చింది. టీచరూ తన దగ్గరున్నవి ఇచ్చింది.

ఆ పుస్తకం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. మిషను ముందు కూర్చునే తెరిచింది. ముందుమాట రాసిన పెద్దమనిషి "దర్జీ స్నేహితురాలికి రాసిన ఉత్తరాలు నవ్వుల పంట" అన్నాడు. నిజమే, చివరి గౌను తాలూకు ఉత్తరం చూసి మళ్లీ నవ్వింది.

"ఒసేయ్ కత్తెరా! గౌను సరిగ్గా సరిపోయింది. అద్దంలో చూసుకుంటే నా నవల్లో నాయికని నేనే అనిపించింది. మా వంటామె మాత్రం కిటికీకి కొత్త తెర కొన్నారా అంది."

గుడ్డ మీద పువ్వులు పెద్దవని వంటామె వెక్కిరించిందనుకుంది అప్పట్లో. పేజీ తిప్పింది. అదే తేదీ, టీచరుకు రాసిన ఉత్తరం.

"దాని గౌను వచ్చింది. ఇప్పుడు నాలాంటి వాళ్లు ఇద్దరు పడతారు అందులో. డాక్టరు ఇంక మందులు కూడా మార్చడం మానేశాడు. దానికి మాత్రం చెప్పకు. చెబితే కొట్టుకు తాళం వేసి వచ్చేస్తుంది. వస్తే టేపు తీస్తుంది. అది కొలిచాక నేను అబద్ధం చెప్పలేను."

కత్తెరక్కకు ఒళ్లంతా మండిపోయింది. సగం కుట్టిన చొక్కా మిషను మీదే వదిలేసి, పుస్తకం చంకన పెట్టుకుని టీచరు ఇంటికి నడిచింది.

"ఏమే, కిందటేడు అక్క కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నానని వారం రోజులు మాయమయ్యావు. దాని దగ్గరికేనా?"

పుస్తకం చూడగానే టీచరుకు విషయం అర్థమైంది. "అవునే. ఒట్టు వేయించుకుంది."

"మీ ఒట్లు తగలెయ్యా! దాని బాధంతా నీకు, జోకులు నాకూనా? నేనేమైనా పరాయిదాన్నా? ఊళ్లోవాళ్లంతా కొనుక్కుని చదివాక తెలియాలా నాకు?"

"నిన్ను ఏడిపించడం ఇష్టంలేక..."

"ఇప్పుడేం చేస్తున్నాను, నవ్వుతున్నానా?"

టీచరు బీరువా తెరిచి, రచయిత్రి ఇంటి నుంచి తెచ్చి అడుగు అరలో దాచిన గౌను తీసి ఆమె ఒళ్లో పెట్టింది. పెద్ద పువ్వుల గౌను. కత్తెరక్క అలవాటుగా లోపలివైపు తిరగేసింది. రెండు పక్కలా తన కుట్టుకు లోపలగా, నల్లదారంతో ఇంకో కుట్టు ఉంది. వంకరటింకరగా, ఒకచోట ఎడం, ఒకచోట ముద్ద.

"ఎవరిదీ దరిద్రపు పని?"

"దానిదే. నువ్వు చెప్పాపెట్టకుండా ఊడిపడితే వదులు కనిపించకూడదని, మంచంలో పడుకునే కుట్టుకుంది. సూదిలో దారం కూడా నన్ను ఎక్కించనివ్వలేదు."

కత్తెరక్క మెడలోని టేపు తీసింది. నల్లకుట్టు నుంచి నల్లకుట్టు దాకా నడుము కొలిచింది. నమ్మలేక మళ్లీ కొలిచింది. పదేళ్ల పిల్లల గౌన్లకు ఆమె పెట్టే కొలత అది.

"సూది పట్టుకోవడం రాని మొహం! ఒక్క మాట రాస్తే నేను కుట్టేదాన్ని కదే" అని గౌనునే తిట్టింది. కళ్లు తుడుచుకోలేదు. గౌను మడిచి కొట్టుకు బయల్దేరింది. టీచరు చెప్పులేసుకుని వెనకే వచ్చింది.

మిషను దగ్గర కూర్చుని నల్లదారం ఒక్కొక్క పోగే ఊడదీసింది. తన పాత కుట్టూ విప్పింది. పక్కలు కత్తిరించింది. సరిగ్గా ఆ నల్లకుట్టు ఉన్నచోటే, ఆ కొలతకే, గుడ్డ రంగు దారంతో మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

"ఎవరు వేసుకుంటారే ఇప్పుడు?" అంది టీచరు మెల్లగా.

"ఎవరూ వేసుకోరు. నోరు మూసుకుని ఆ దారపుండ ఇటివ్వు."

కుట్టడం అయ్యాక గౌను దులిపి, భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తింది. గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

"ఇప్పుడు రాయమను" అంది, "సరిపోయిందని."