ఆక్‌జిల్గాలో గోతులు తవ్వించిన బురుల్

బురుల్‌కి కోపం ఎక్కువని ఊరంతటికీ తెలుసు. ముప్ఫయ్యారేళ్ళు పశువులకు సూదులు వేసిన మనిషి. సర్కారు పశువుల ఫారం నడిచిన రోజుల్లో జీతం తీసుకుని వేసింది, ఫారం కూలిపోయి జీతం ఆగిపోయాక ఊరికే వేసింది. గొర్రెను ఎవరైనా వదులుగా పట్టుకుంటే వాళ్ళ తాతముత్తాతల దాకా వెళ్ళి తిట్టేది. తిట్టిన ఇంట్లోనే కూర్చుని ఉప్పు వేసిన పాల టీ తాగి లేచేది. అందుకని ఆమె తిట్లను ఎవరూ మనసులో పెట్టుకునేవారు కాదు. ఆ వసంతంలో వచ్చిన కోపం మాత్రం వేరు.

పామీరు కొండల్లో ఆ ఊరికి పైన ఆక్‌జిల్గా అనే లోయ ఉంది. అర్కర్లు, అంటే కొండల్లో తిరిగే అడవి గొర్రెలు, మే నెలలో ఈనడానికి ఆ లోయకే వస్తాయి. ఫారం మూతబడిన కరువేళ్ళలో ఊరు ఊరంతా వాటి మాంసం మీదే బతికింది. బురుల్ భర్త ఇసాక్ గురి తప్పని వేటగాడు. చూలు గొర్రెల్ని కూడా కొట్టి తెచ్చాడు. వండింది బురులే. కడుపు కోస్తే లోపల పిల్ల కనబడిన రోజులున్నాయి. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచలేదు. తిన్నాం, మా పిల్లలు బతికారు, కాదని ఎవరంటారు అనేది.

ఒక ఏడు లోయంతా గాలిస్తే ఇసాక్‌కి పదకొండు ఆడ గొర్రెలు కనబడ్డాయి. ఇంటికొచ్చి తుపాకి గోడకి తగిలించాడు, మళ్ళీ దించలేదు. ఊళ్ళో వేటగాళ్ళనందరినీ కూర్చోబెట్టి, కొందర్ని బతిమాలి, కొందర్ని బెదిరించి, ఈనే కాలంలో ఆ లోయలోకి తుపాకిగానీ మందగానీ పోకూడదని ఒట్టు వేయించాడు. పద్నాలుగేళ్ళు కాపలా కాశాడు. అతను గుండె ఆగి పోయేనాటికి అక్కడ మూడొందలు దాటాయి. అతని దుర్భిణి బురుల్ మెడలోకి వచ్చింది.

ఇసాక్ చిన్నాన్న కొడుకు తాష్మత్. వెయ్యి గొర్రెలున్న ఆసామి. బురుల్‌ని నోరారా వదినా అని పిలిచేవాడు, ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడేవాడు. ఆ ఏడు ఏప్రిల్ మొదట్లో, కింది సంతలో చవగ్గా దొరికాయని రెండొందల మేకలూ గొర్రెలూ లారీల్లో దింపించాడు. బురుల్ దొడ్డికి వెళ్ళి చూసింది. నాలుగైదింటికి ముక్కులు కారుతున్నాయి. ఒక మేక నోరు తెరిస్తే చిగుళ్ళ మీద పుళ్ళు. తోక కింద తడి. పారుడు రోగం, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుని మందలకి మందల్నే తుడిచిపెట్టే జబ్బు. కొత్తవాటిని నలభై రోజులు విడిగా కట్టమంది, ఈలోగా టీకా మందు తెప్పించి మిగతావాటికి వేస్తానంది. తాష్మత్ నవ్వాడు. చలికి నా ముక్కూ కారుతోంది, నన్నూ దొడ్లో కడతావా వదినా అన్నాడు. ఆ తర్వాత పదిహేను రోజుల్లో అతని మేకలు కొన్ని చచ్చాయి. గుట్టుగా పూడ్చిపెట్టించాడు.

నెలాఖరుకి కింద మేత అయిపోయింది. తాష్మత్ ఆక్‌జిల్గాకి తోలుతున్నాడని తెలిసి బురుల్ ముందే వెళ్ళి లోయ మొదట్లో అడ్డంగా నిలబడింది. అతను జేబులోంచి ఒక కాగితం తీసి చేతికిచ్చాడు. మందను స్వయంగా పరీక్షించాననీ, ఏ రోగమూ లేదనీ, ఎక్కడైనా మేపుకోవచ్చనీ జిల్లా పశువైద్యాధికారి రాసి ముద్ర కొట్టాడు.

బురుల్ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఈయన మనూరొచ్చి చూశాడా నీ మందని?"

"చూడకుండా రాస్తాడా?"

"తారీకు చూడు. పదిహేడు. ఆ రోజు కనుమ మీద మంచు పడి దారి మూసుకుపోయింది. నీ కోడలికి నొప్పులొస్తే ఆసుపత్రికి జీపు కదల్లేదని, గొర్రెలకి సూదులేసే నన్ను పిలుచుకెళ్ళావు కదరా. పురుడు పోసింది నేను. మరి మీ డాక్టరు రెక్కలు కట్టుకుని వచ్చాడా?"

వెనక కాపరులు వింటున్నారు. తాష్మత్ మొహం కందిపోయింది. "ఎవరివీ కాని జీవాల కోసం ఇంటివాళ్ళ నోటి దగ్గర కూడు కొడతావేం? అన్న పోయాక నీకు పనేం లేదు, అదీ నీ బాధ," అన్నాడు. కాగితం ఆమె చేతిలోనే వదిలేసి కుక్కల్ని ఉసిగొల్పాడు. మంద ఆమెకు రెండు పక్కలా చీలి, గౌను అంచులు రాసుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె అరిచిన అరుపులకు ఒక్క గొర్రె కూడా ఆగలేదు.

మూడు వారాలకి మొదటి అర్కర్ కళేబరం కనబడింది. వాగు ఒడ్డున మూతి నీళ్ళలో పెట్టి పడి ఉంది. కళ్ళ చుట్టూ చీము గడ్డకట్టింది. నిండు చూలు. దానికి నూరడుగుల అవతల మరో తల్లి, దాని పొదుగు పట్టుకుని ఇంకా చీకుతున్న పిల్ల. బురుల్‌ని చూసి కూడా ఆ పిల్ల పారిపోలేదు. మర్నాటికి అదీ పోయింది. చనిపోయినవాటి లోపలి ముక్కలు కోసి ఐసు డబ్బాలో పెట్టి, తాష్మత్ ఇచ్చిన కాగితాన్ని కూడా జతచేసి, రాజధానికి వెళ్ళే డ్రైవరుకిచ్చి అక్కడి పశువుల ప్రయోగశాలకి పంపింది. తర్వాత రోజూ పొద్దున్నే వెళ్ళి లెక్కపెట్టింది. నూట అరవై మూడు దాకా లెక్కపెట్టింది. ఆపైన ఊరికే నడిచింది.

ఊళ్ళో తోడేళ్ళ పనన్నారు. ఆ మాట మొదలెట్టింది తాష్మత్. శుక్రవారం నమాజు అయి మగవాళ్ళు మసీదు బయట చెప్పులు తొడుక్కుంటూ ఉండగా బురుల్ వచ్చి వాళ్ళ మధ్య నిలబడింది.

"తోడేళ్ళంట. చంపి, తినకుండా వదిలేసి పోయే తోడేలుని ఎవరు చూశారో చెప్పండి. జోరోబెక్, నీ పెద్దవాడు పుట్టినప్పుడు మీ ఇంట్లో పిండి లేదు. ఏం తిన్నావు? ఎర్గెష్ తాతా, నువ్వేం తిన్నావు? సిగ్గయితే నేను చెప్తాను. చూలు గొర్రెల్ని తిన్నాం. అవి చచ్చి మనల్ని బతికించాయి. ఇవాళ వాటిని మనమే చంపి, మట్టి కప్పడానికి కూడా చేతులు రావట్లేదు. రాబందులూ కుక్కలూ పీక్కుని ఆ రోగాన్ని లోయలన్నిటికీ మోస్తాయి. పారలు తీసుకుని నడవండి. తాష్మత్ ముందు నడుస్తాడు."

ఎనభై ఏళ్ళ ఎర్గెష్ తాత మనవణ్ణి పిలిచి, ఇంట్లో పార ఎక్కడుందో చూడమన్నాడు. దాంతో మిగతావాళ్ళు కదిలారు. తాష్మత్ గుంపు వైపు చూశాడు, ఒక్కరూ అతని వైపు చూడలేదు. అతనూ కదిలాడు.

మూడు రోజులు తవ్వారు. అంతా రాయి, అడుగున ఇంకా గడ్డకట్టిన మంచు. తాష్మత్ అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. బురుల్ గట్టు మీద నిలబడి ప్రతి గోతిలోకీ తొంగిచూసింది. ఇంకా లోతు అనేది, అంతే. గోతుల్లో సున్నం పోయించి, మనుషుల బూట్లు కూడా సున్నపు నీళ్ళలో కడిగించి కిందికి పంపింది.

జూన్‌లో తాష్మత్ గొర్రెలే వరసగా పడిపోవడం మొదలైంది. అతను బురుల్ గుమ్మంలోకి వచ్చాడు, లోపలికి రాలేదు. టీకా వెయ్యమన్నాడు. రోగం లేనివాటికైనా వేస్తే కొన్ని మిగులుతాయి కదా అన్నాడు. ఆ కాగితం సంగతి పైకి పోనివ్వద్దని కూడా అన్నాడు.

"కాగితం ఎప్పుడో పోయింది," అంది బురుల్. "గొర్రెలు చేసిన తప్పేం లేదు, వాటికి వేస్తాను. నన్ను మాత్రం వదినా అని పిలవకు."

రెండు రోజులు అతని దొడ్లో మోకాళ్ళ మీద కూర్చుని వేసింది. ఇస్తే టీ ముట్టలేదు.

రాజధాని నుంచి జవాబు వచ్చింది. పారుడు రోగమే. జిల్లా పశువైద్యాధికారిని వేరే జిల్లాకి, ఇంకాస్త పెద్ద కుర్చీలోకి మార్చారు. ఆ మాట విన్నరోజు బురుల్ చేతిలో ఉన్న పాలబిందె నేలకేసి కొట్టింది. శరదృతువులో ఎవరో సంస్థవాళ్ళు వచ్చి బడిలో సభ పెట్టి, కొండగొర్రెల్ని కాపాడిన తల్లి అని శాలువా కప్పబోయారు. కాపాడిందెక్కడ, పాతిపెట్టాను అందామె. సంతకం పెట్టినాయన మీద కేసు ఎప్పుడు పెడతారని అడిగింది. అది తమ పని కాదన్నారు. శాలువా కుర్చీ మీద పెట్టి బయటికి నడిచింది.

ఊరు మళ్ళీ ఒట్టు వేసుకుంది. కొన్న జీవాలు నలభై రోజులు విడిగా ఉండాలనీ, ఒట్టు తప్పినవాడి మందను ఊరి మేతలోకి రానివ్వకూడదనీ కలిపింది. తాష్మత్ ఇప్పుడు కొండకి అవతలి వైపు మేపుతున్నాడు.

మరుసటి మేలో లోయలో ఎన్ని ఉన్నాయని ఎర్గెష్ తాత అడిగితే, డెబ్భై నాలుగు తల్లులు, ముప్ఫై పిల్లలు అని చెప్పింది బురుల్. పదకొండు నుంచి లేచినవే కదా, మళ్ళీ పెరుగుతాయిలే అమ్మా అన్నాడు ముసలాయన.

"పెరుగుతాయి. దానికి ఇసాక్ పద్నాలుగేళ్ళు నిలబడ్డాడు. నాకు అరవై ఆరు," అంది ఆమె. రేపటి నుంచి కూతుర్ని తనతో కాపలాకి పంపమని జోరోబెక్‌తో అనమని చెప్పి లేచింది.