కనుమ దాటని వీరుడు

ఫార్మా ప్లాంటులో నా ఉద్యోగం, ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇతరులు రాసినదాన్ని నమ్మకపోవడం. మందు ఒక్కో విడత తయారీని నమోదు చేసే ప్రతి బ్యాచ్ రికార్డునూ పంక్తి పంక్తీ పరిశీలిస్తాను. తప్పు కనిపిస్తే చెరపకూడదు. ఒక్క అడ్డగీత గీసి, కారణం రాసి, పొడి సంతకం, తేదీ వేయాలి. ఏళ్లు గడిచేసరికి అది చేతికి పట్టిన అలవాటైంది.

పక్క విభాగంలోని మిత్రుడు బ్లడ్ క్యాన్సర్‌తో బోమాంట్ ఆసుపత్రిలో చేరాక ఒక సాహస నవల మొదలుపెట్టాడు. రాజుగారి గుర్రపుశాల ఊడ్చే ఒక సామాన్యుడు, సైన్యమంతా పారిపోయిన నాడు కత్తి పట్టి, మహమ్మారి సోకిన తన ఊరికి మందు తేవడానికి మంచుకనుమ దాటే కథ. కడుపులో బల్లెం దిగినా ఏడు రోజులు నడుస్తాడు. చివరి అధ్యాయం మిగిలింది.

"చూడు గురూ, నీ కంటబడకుండా తప్పించుకున్న అబద్ధం లేదుగా," అంటూ నోటుపుస్తకం నా చేతికిచ్చాడు.

నేనుండే స్వోర్డ్స్ ఊరికి తిరిగి వెళ్లే బస్సులోనే కలం తీశాను. 'ఏడు రోజులు' మీద అడ్డగీత గీశాను. 'పేగు తెగితే ఇన్ఫెక్షన్ తప్పదు. రెండు రోజులకు మించి బతకడు.' సంతకం, తేదీ. మర్నాడే పుస్తకం అతనికి పంపాను. దాన్ని ఏ మంచం మీద చదువుతాడన్నది నాకు తట్టలేదు.

ఆదివారం వెళ్లేసరికి అతని భార్య నన్ను వార్డు బయటే ఆపింది.

"ఏం రాశారన్నయ్యా అందులో? నాలుగు రోజులుగా కలం ముట్టలేదు. రాస్తున్నంతసేపూ కాస్త మనిషిలా ఉండేవారు."

లోపలికి వెళ్లి, తొందరపడ్డానన్నాను. "పేగు తెగినా అరుదుగా బతికే అవకాశం ఉంది."

"ఎవరు బతికారు?"

"ఉంటారులే, ఎవరో ఒకరు."

పెదవులు పగిలి ఉన్నా నవ్వాడు. "నీకు అబద్ధమాడటం రాదు గురూ. ఇన్‌స్పెక్షన్ రోజున నిన్ను స్టోర్ రూములో దాచాల్సిందే."

తరువాత గోడ వైపు తిరిగాడు. "నువ్వు రాసింది నిజమే. వాడు పోతే పోనీ. మరి ఆ ఊరికి మందెవరు తీసుకెళ్తారు?"



నెల తిరగకుండానే అతను పోయాడు. అంత్యక్రియల తరువాత అతని భార్య పుస్తకం నాకిచ్చింది. నా సంతకం కింద, అతని చేతిరాతలో ఒకే వాక్యం ఉంది: 'రెండో రోజు వాడు మందుసంచి ఒళ్లో పెట్టుకొని మంచులో కూర్చున్నాడు.' ఆ తరువాత పుటలన్నీ ఖాళీ.