రెండింతల వేగంతో చూసిన సినిమా

తొమ్మిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పడం తేలిక. నన్ను చూస్తే మనసులో ఏదో ఉందని ఎవరూ అనుకోరు. అమెరికాలో, రెడ్‌మండ్‌లో ఉద్యోగం, ఇల్లు, శనివారాలు సినిమాలు. నా బతుక్కి లోటేమీ లేదు, హాయిగానే ఉన్నాను. అయినా ఒక మనిషి పేరు వినగానే తేలు కుట్టిన దొంగలా అయిపోతాను.

ఆయన చైనా నటుడు. చెన్ గారనుకుందాం, అసలు పేరు కాదు. వయసులో ఉండగా టీవీ సీరియల్లో రాజు వేషం వేసి బోలెడు పేరు తెచ్చుకున్నారు. అది వదిలేసి, చేతిలో కథ తప్ప ఏమీ లేని కొత్త దర్శకుల వెంట నడిచారు. ఇరవై ఏళ్లు అదే పని. ఆ సినిమాలకు లైట్లు మోశారు, వ్యాను నడిపారు, పెద్ద కంపెనీలు పిలిస్తే వెళ్లలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసేదాన్నా? ఏమో.

మా దగ్గర చిన్న ఫిల్మ్ ఫెస్టివల్ ఒకటి జరుగుతుంది. దానికి వచ్చిన ప్రతి సినిమానీ ముందుగా ఇద్దరు వాలంటీర్లు చూసి, ఉంచాలో తీసెయ్యాలో రాస్తారు. చెన్ గారి సినిమా నాకూ, రిటైరైన ఒక లైబ్రేరియన్ ఆవిడకూ ఇచ్చారు. నాకెందుకంటే, నేను ఆసియా దాన్నట! చైనా భాష ఒక్క ముక్క రాదు మొర్రో అనలేదు. గొప్పగా అనిపించి తలూపాను.

మొదటి నుంచి చివరిదాకా చూడాలన్నది ఒక్కటే షరతు. ఆ ఆదివారం పొద్దున స్టవ్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, దోసెలు పోస్తూ, రెండింతల వేగంతో చూశాను. ఆఫీసు ట్రైనింగ్ వీడియోలన్నీ మేం అలాగే చూస్తాం. సబ్‌టైటిల్స్ అందుతున్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మా ఆయన ప్లేటు పట్టుకుని వచ్చి, "ఏంటే, సినిమా చూస్తున్నావా, కంప్లయన్స్ ట్రైనింగ్ కంప్లీట్ చేస్తున్నావా?" అన్నాడు. పగలబడి నవ్వాను.

"హీరో మొహంలో ఏమీ పలకడం లేదు. వద్దు" అని రాశాను. మాటకీ మాటకీ మధ్య ఆయన ఆగిన చోటల్లా నేను పరుగెత్తించి, ఏమీ పలకడం లేదని రాశాను! లైబ్రేరియన్ ఆ సినిమా కావాలని గట్టిగా వాదించారట. చైనా సినిమా, నేనేమో ఆసియా దాన్ని కాబట్టి నా మాటే చెల్లింది.

రెండేళ్లకు ఆయన ఇంకో సినిమాతో మా ఫెస్టివల్‌కే వచ్చారు. ఈసారి హాల్లో చూశాను. ఆయన అలా ఊరికే నిలబడితే చాలు, నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అప్పుడు అర్థమైంది నేను చేసిన నిర్వాకం. మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని ఎయిర్‌పోర్టులో దింపే పని నాకే పడింది.

కారులో ఆచితూచి ఇంగ్లిష్‌లో మాట్లాడారు. నేను ఉండబట్టలేక ఆ పాత సినిమా పేరెత్తాను.

"అది చూశారా మీరు?" అన్నారు ఆశ్చర్యంగా.

"ఇక్కడికి పంపారు కదా. అప్పుడు చూశాను."

"మా కోసం ఇక్కడ ఎవరో పోట్లాడారని విన్నాను. మీరేనా?"

ఎదర సిగ్నల్ పడింది. కాదనడానికి బోలెడంత టైముంది. తలూపాను.

"దర్శకురాలికి అది మొదటి సినిమా. ఈ ఫెస్టివలే అప్పుడు మా ఆఖరి ఆశ. ఇక్కడా కాదనేసరికి సినిమాలు మానేసి టీవీ ప్రకటనలు తీస్తూ బతుకుతోంది. కానీ ఒక్కరైనా కావాలన్నారని చెబితే ఎంత సంతోషపడిందో! మీ పేరు చెబుతాను" అని రెండు చేతులూ జోడించారు.

ఛీ, ఏం మనిషిని నేను? ఆ అమ్మాయి దారి మూసింది చాలక, లైబ్రేరియన్‌కు దక్కాల్సిన దండం కూడా నేనే అందుకున్నాను. ఆవిడ రెండేళ్ల కిందట పోయారు. ఆవిడ పేరు చెన్ గారికి ఇప్పటికీ తెలియదు.

ఆ సినిమా తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చాలా మంచి సినిమా. చెన్ గారు ఇప్పటికీ చిన్న సినిమాలే చేస్తున్నారు, కులాసాగా ఉన్నారు. ఏటా కొత్త సంవత్సరానికి నాకు కార్డు పంపుతారు. దర్శకురాలు కూడా కింద సంతకం పెడుతుంది.

నిజం రాస్తే వాళ్లు బాధపడతారని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది కాదు. ఆ కార్డులంటే నాకిష్టం. రాస్తే ఇక రావు. ఆ సినిమాను వద్దన్నది నేను, కావాలన్నది నేను కాదు. ఈ రెండు ముక్కలూ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.