జనం లేని మంగళవారం

హేమశ్రీ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. యాసిడ్ సీసాలకు జంకని మనిషి, ఈమధ్య జనాన్ని చూస్తే జంకుతోంది. పోయిన నెల ఒక ఆదివారం బీచ్ రోడ్డు పార్కులో, ఐస్‌క్రీముకు డబ్బులు తీసేలోగా మూడేళ్ల కొడుకు సన్నీ జనంలో కలిసిపోయాడు. బెలూన్లవాడి వెనక దొరికేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

అప్పటినుంచి వాడు "ఉయ్యాల" అంటే ఆమె "చూద్దాంలే" అంటోంది. ఊరికే అనలేదు, చూస్తూనే ఉంది. వాళ్లుండే ఉక్కునగరంలో కాలాన్ని షిఫ్టుల్లో కొలుస్తారు కనక తనూ అలాగే కొలిచింది. మంగళవారం పొద్దున్న పిల్లలు బడుల్లో ఉంటారు. జనరల్ షిఫ్టు వాళ్లు ప్లాంటులో, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు మంచాల మీద. పైగా ఆరోజు భర్త సాయిశంకర్‌కి వీక్లీ ఆఫ్.

"మంగళవారం మన కాలనీ పార్కులో కాకి కూడా ఉండదు," అని తేల్చింది.

"నీ బుర్రకి దణ్ణం పెట్టాలే," అన్నాడతను.

మంగళవారం పార్కు గేటు దాటగానే ఎవరో కేకేశారు. "ఓ సెల్లెమ్మా! లేటయిపోనారేటి?"

సాయిశంకర్‌తో పనిచేసే అప్పలసూరి! పక్కన భార్య కనకరత్నం, చేతిలో పులిహోర డబ్బా. వాళ్ల వెనక వీర్రాజు కుటుంబం, జగ్గారావు కుటుంబం, చంకల్లో పిల్లలు. ఉయ్యాల దగ్గర పెద్ద వరస.

హేమశ్రీ భర్తవైపు తిరిగింది. "ఎవరికి చెప్పారు?"

"నానెవరికీ సెప్పలేదే! కేంటీన్లో ఊరికే అన్నాను."

బ్యాచ్ అందరికీ ఆఫ్ ఒకేరోజని ఆమెకు అప్పుడు తట్టింది. అన్ని షిఫ్టుల్నీ లెక్కలోకి తీసుకుని, సొంత మొగుడి బ్యాచ్‌ని మర్చిపోయింది!

అంతలో చేతిలోని చిన్న చెయ్యి జారిపోయింది. "సన్నీ!"

"ఇటేపున్నాడు వదినా!" అంది జారుడుబల్ల దగ్గర్నుంచి వీర్రాజు భార్య.

"ఇదిగో, నా కాళ్లకాడికొచ్చేసేడు!" అన్నాడు జగ్గారావు.

కనకరత్నం వాడి చొక్కా పట్టుకుని ఉయ్యాల వరసలో నిలబెట్టింది. "ఈడెక్కడికి పోతాడమ్మా, పోనిత్తామేటి? నువ్వు కూకో. పులిహోర తిను."

హేమశ్రీ కూర్చుంది. వాడి వంతు వచ్చింది. ఆరుగురు అత్తలూ మామలూ తలోసారి ఊపారు. వాడు నవ్వుతుంటే ఆమె పులిహోర రెండోసారి పెట్టించుకుంది.

"అన్నయ్యా, వచ్చే వారం కూడా వస్తారా?" అని అడిగింది.

అప్పలసూరి చుట్టూ చూసి పెదవి విరిచాడు. "మంగళారం జనం ఎక్కువైపోనారు సెల్లెమ్మా. కాళీగా ఉండే టైము ఇంకోటి సూసి సెప్పు, అందరం వచ్చేత్తాం."